ముందు కిందికి, ఆ తర్వాతే పైకి: ఇంట్లో పామ్ మొక్కల్ని విత్తనం నుంచి పెంచడం

(విజయవాడలో మిద్దెతోటలు పెంచుకునేవాళ్ల నెలవారీ కలయికలో, సంక్రాంతి వెళ్లిన వారం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. మైకు స్టాండుకే ఉంచేస్తాను, నాకు రెండు చేతులూ కావాలి.

ముందు ఇది చూడండి. తేగ. బెంజి సర్కిల్ దగ్గర బండి మీద అమ్ముతుంటే కాల్చనిది, టెంక ఊడనిది కావాలని అడిగి తెచ్చాను. తేగ తినని వాళ్లు ఈ హాల్లో ఎవరూ ఉండరు. మాది బాపట్ల దగ్గర ఇసుక నేలల ఊరు. భాద్రపదంలో తాటిపళ్లు రాలితే, తిన్నన్ని తిని, టెంకలన్నీ ఏరి మా నాయనమ్మ దొడ్లో పాతర వేయించేది. మన్ను గుల్ల చేసి, టెంకలు పక్కపక్కన పేర్చి, పైన ఇంత మట్టి కప్పడం. అంతే. మూడు నాలుగు నెలలు దాని వంక ఎవరూ చూసేవాళ్లు కాదు. పైన ఏమీ కనిపించదు కూడా. సంక్రాంతి రోజుల్లో తవ్వితే మాత్రం ఒక్కో టెంక కింద మూరెడు తేగ. తంపట వేసి పిల్లలందరికీ పంచేవాళ్లు.

ఆ మూడు నాలుగు నెలలు టెంక ఏం చేసింది? పడుకుందా? లేదు. ఇదిగో, టెంక కంటి దగ్గర నుంచి ఈ తెల్లటి గొట్టం వచ్చింది చూడండి. ఇది వేరు కాదు. విత్తనం తన పిల్లని మోసుకుంటూ భూమి లోపలికి దింపే కాడ ఇది. జానెడో మూరెడో కిందికి దిగాక, ఆ చివర ఉబ్బి తేగ అవుతుంది. దాన్ని నిలువుగా చీలిస్తే, ఇలాగ, మధ్యలో ఈ సన్నటి పుల్లలాంటిది ఉంది కదా, దీన్ని మేం చందమామ అనేవాళ్లం. రేపు పైకి వచ్చే మొదటి ఆకు ఇదే. అంటే తాటిచెట్టు మొవ్వు మొట్టమొదట భూమిలోకి దిగి దాక్కుంటుంది. ఆ తర్వాతే ఆకు పైకి వస్తుంది.

ఇప్పుడు టెంక పగలగొడతాను. లోపల బుర్రగుంజు. తియ్యగా, దూదిలా ఉంటుంది. కొబ్బరికాయ కొట్టినప్పుడు అప్పుడప్పుడు పువ్వు వస్తుంది, శుభం అని కళ్లకద్దుకుంటాం కదా, అదీ ఇదీ ఒకటే. అది పువ్వు కాదు, మొలక నోరు. కాయలో ఉన్న కొబ్బరిని కరిగించి, పీల్చి, బయట ఉన్న మొలకకి పంపే అవయవం. తాటి, ఈత, కొబ్బరి, వక్క, జీలుగు, ఇవాళ మనం ఇంట్లో పెంచుకోబోయే పామ్‌లు, అన్నీ ఒకే కుటుంబం, రెండున్నర వేల జాతుల పైచిలుకు. మిరియం గింజంత పామ్ విత్తనంలోనూ ఆ చిన్న పువ్వు పెరుగుతుంది.

పామ్‌ని విత్తనం నుంచి పెంచడానికి తెలియాల్సిన సంగతుల్లో సగం మీకు తేగ తిన్నప్పుడే తెలిసిపోయాయి. ఆ తెలిసిందాన్ని కుండీలో ఎలా వాడాలన్నదే ఇవాళ చెబుతాను.

అసలు నర్సరీలో వంద, రెండు వందలకి మొక్క దొరుకుతుంటే విత్తనం ఎందుకు అని చాలామంది అడుగుతారు. కడియం నుంచి వచ్చే అరెకా పామ్ చూడండి, కుండీ నిండా పచ్చగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అది మంచి వెలుతురులో, ఎరువు మీద పెరిగిన మొక్క. దాని ఆకులు ఆ వెలుతురుకి తయారైనవి. తెచ్చి మన హాల్లో సోఫా పక్కన పెడతాం. రెండు నెలల్లో కింది ఆకులు ఒక్కొక్కటే పండిపోతాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాం, వేరు కుళ్లుతుంది. అదే మన కిటికీ పక్కనే పుట్టిన మొక్క అయితే, మొదటి ఆకు నుంచీ మన ఇంటి వెలుతురుకే అలవాటు పడి వస్తుంది. నెమ్మదిగా పెరుగుతుంది, ఒప్పుకుంటాను. మూడేళ్లు పడుతుంది బల్ల మీద పెట్టుకోదగ్గ మొక్క కావడానికి. కానీ మా ఇంట్లో అలా వచ్చిన మొక్కల్లో నిలదొక్కుకున్నాక చచ్చిపోయింది ఒక్కటీ లేదు.

ఏ రకం? మన దగ్గర తేలిగ్గా విత్తనం దొరికేది అరెకా. మీలో చాలామంది ఎరికా అంటారు. మడగాస్కర్ దీవి తూర్పు తీరం దాని పుట్టిల్లు. నిజానికి అరెకా అన్న పేరు మన వక్కచెట్టుది, మలయాళంలో అడక్క అన్న మాట నుంచి వచ్చింది. ఈ మొక్కకి వాడుకలో అతుక్కుపోయింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, నేలలో నాటిన పాత గుబురు ఉంటే ఒకసారి లోపలికి తొంగి చూడండి. పసుపుపచ్చ కాయలు గుత్తులుగా వేలాడుతుంటాయి. వాచ్‌మన్ రోజూ ఊడ్చి పారబోసేవి అవే. రెండోది చమడోరియా, పార్లర్ పామ్ అంటారు. మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే చిన్న మొక్క. తక్కువ వెలుతురుకి దాన్ని మించింది లేదు. మూడోది ఫీనిక్స్ రోబెలిని, లావోస్, వియత్నాం వైపుది, మరుగుజ్జు ఈత అనుకోండి. ఆకు మొదట్లో ముళ్లుంటాయి, పాకే పిల్లలున్న ఇంట్లో వద్దు. నర్సరీల్లో టేబుల్ పామ్ అనే గుండ్రటి ఆకుల లివిస్టోనా కూడా బాగుంటుంది. ఫాక్స్‌టెయిల్, రాయల్ పామ్ విత్తనాలు రోడ్ల పక్క బోలెడు దొరుకుతాయి, బాగా మొలుస్తాయి కూడా. కానీ అవి చెట్లు. ఇంట్లో పెట్టుకుని తర్వాత ఎక్కడ నాటాలో తెలియక బాధపడకండి.

ఇక విత్తనం సంగతి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే కాబట్టి.

ఆరేళ్ల కిందట నేను ఆన్‌లైన్‌లో ఒకచోట పార్లర్ పామ్ విత్తనాలు యాభై తెప్పించాను. కాగితపు పొట్లంలో వచ్చాయి, గలగలలాడుతూ. ఎప్పుడు కోశారో తేదీ లేదు. ఎనిమిది నెలలు నీళ్లు పోశాను. ఒక్కటీ రాలేదు. చివరికి నాలుగు విత్తనాలు బ్లేడుతో కోసి చూస్తే లోపల గోధుమరంగు పొడి. అవి నా దగ్గరికి వచ్చేసరికే చచ్చిపోయాయి. ఇలాంటి పామ్ విత్తనం చాలావరకు పప్పులా, ధాన్యంలా ఆరబెట్టి దాచుకునేది కాదు. లోపలి పిల్ల ఆరిపోతే అయిపోయినట్టే. అందుకని ఏ విత్తనం చేతికొచ్చినా ముందు ఒకటి బలి ఇవ్వండి. అడ్డంగా కోయండి. లోపల తెల్లగా, గట్టిగా, ఎండుకొబ్బరిలా నిండుగా ఉంటే మంచిది. బోలుగా, గోధుమరంగులో ఉంటే మిగతావాటి మీద ఆశ పెట్టుకోకండి. వక్క కోస్తే కనిపించే గోధుమ గీతలు మాత్రం రోగం కాదు, వక్క స్వభావమే అది.

కాయ కోసేది కూడా ఆకుపచ్చగా ఉన్నప్పుడు కాదు. పసుపు పూర్తిగా తిరగాలి, చేత్తో తాకితే రాలాలి. తెచ్చిన కాయల్ని రెండు రోజులు నీళ్లలో నానేయండి, రోజూ నీళ్లు మార్చండి. గుజ్జు మెత్తబడ్డాక కొబ్బరిపీచుతో, గిన్నెలు తోమినట్టు తోమేయండి. ఆ గుజ్జులో మొలకని ఆపే పదార్థాలుంటాయి. పైగా ఉంచేస్తే బూజు, చీమలు. చమడోరియా, ఫిష్‌టెయిల్ జాతులైతే చేతికి తొడుగు తప్పనిసరి. ఫిష్‌టెయిల్ అంటే మన జీలుగు రకమే. జీలుగు పండు ముట్టుకుంటే ఎంత దురదో ఏజెన్సీ వైపు వాళ్లకి తెలుసు. గుజ్జులో సూదుల్లాంటి సున్నపు స్ఫటికాలుంటాయి, అవి చర్మంలో దిగుతాయి.

కడిగిన విత్తనాల్ని దేంట్లో పెట్టాలి? నేను కుండీలో పెట్టను. జిప్ కవరు. ఇదిగో ఇలాంటిది. కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు, ఇటుకలా అమ్ముతారు. దాన్ని నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్లు పారబోసి కడగండి, చాలా ఇటుకల్లో ఉప్పు ఉంటుంది. తర్వాత గుప్పిట పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా రాకూడదు. ఆ తడి చాలు. కవరులో సగానికి నింపి, విత్తనాలు కలిపి, కొంచెం గాలి ఊది మూసేయండి. పైన మార్కర్‌తో రకం పేరు, తేదీ. తేదీ లేకపోతే మూడో నెలలో మీ మనసు మీతో అబద్ధం చెబుతుంది, ఆరు నెలలైందని.

వేడి. చలిదేశాల్లో పామ్ విత్తనం పెట్టేవాళ్లు కింద కరెంటు పరుపు వేసి వేడి చేస్తారు. ఎక్కువ రకాలు బాగా మొలిచేది 30 నుంచి 35 డిగ్రీల మధ్య కాబట్టి. మన బెజవాడకి ఆ ఖర్చు ఎందుకు? ఫాల్గుణం దాటిన దగ్గర్నుంచి మన ఇళ్లలో నడిగది వేడే అది. మన ఎండని తిట్టుకోని రోజు ఉండదు, ఈ ఒక్క పనికి మాత్రం అది వరం. కానీ మే నెల మేడ మీద పెడితే విత్తనం ఉడికిపోతుంది. వంటింటి అటక మీద పెట్టొచ్చు కదా అని ఒక ఏడాది పెట్టాను. మాది పై అంతస్తు. మే మధ్యాహ్నం థర్మామీటరు పెట్టి చూస్తే 44 చూపించింది. అదే గోడ అలమరా కింది అరలో 35. కవరు అక్కడికి మార్చాను. ఏసీ గదిలో మాత్రం వద్దు. ఇప్పుడు, ఈ జనవరి చలిలో పెడితే ఏమీ కాదు, కాకపోతే ఎండలు ముదిరేదాకా అది కదలదు.

ఇక ఓపిక. తాజా అరెకా నెల నుంచి రెండు నెలలు. లివిస్టోనా ఒకటి నుంచి మూడు. రోబెలిని రెండు మూడు నెలలు, ఒక్కోసారి నాలుగు. పార్లర్ పామ్ రెండు నుంచి ఆరు, మొండివి ఆ పైన కూడా. ఒకే గుత్తిలో కోసిన విత్తనాలు ఒకే రోజున రావు. మొదటిది నలభయ్యో రోజు వస్తే చివరిది నూట ఇరవయ్యో రోజు రావచ్చు. అందుకని నాలుగు మొలవగానే మిగిలినవి పారేయకండి.

రెండో ఏడాది తాజా విత్తనం పెట్టినా నేను చేసిన పాపం ఒకటుంది. అప్పుడు ట్రేలో పెట్టాను. రోజూ పొద్దున కాఫీ తాగి, పుల్లతో మట్టి గెలికి చూసేదాన్ని. యాభయ్యో రోజున, విసుగొచ్చి ట్రే మొత్తం కాగితం మీద బోర్లించాను. తొమ్మిది విత్తనాలకి తెల్లటి మొలక కొన విరిగిపోయి ఉంది. అవి అప్పటికే మొలిచాయి. కిందికి దిగుతున్నాయి. నా పుల్లే వాటిని విరిచింది. పామ్ మొలకకి రెండో కొన ఉండదు. మామిడి మొలక చివర తుంచితే పక్క నుంచి చిగురేస్తుంది. వీటికి ఉన్నది ఒకే ఒక్క మొవ్వు. అది పోతే ఆ మొక్క కథ ముగిసినట్టే. ఆ తొమ్మిదింటిని కాగితం మీద వరసగా పెట్టి చూసుకున్న రోజు నాకు ఇవాళ్టికీ గుర్తుంది. కవరు పద్ధతికి మారింది అందుకే, తెరవకుండా బయట నుంచే కనబడుతుంది.

కవరు లోపల ఏం కనబడుతుందో చెబుతాను. అరెకా అయితే మొదట విత్తనం ఒక పక్కన గుండుసూది తలంత తెల్లటి బొడిపె. నాలుగైదు రోజుల్లో ఆ బొడిపె నుంచే కిందికి వేరు, పైకి పచ్చటి ముల్లు. కొబ్బరి, వక్క, పార్లర్ పామ్ అన్నీ ఈ తరహావే, విత్తనాన్ని ఆనుకునే మొలుస్తాయి. రోబెలిని, లివిస్టోనా తేగ తరహా. విత్తనం నుంచి తెల్లటి దారం కిందికి దిగి, అంగుళం రెండంగుళాల దూరంలో పిల్ల మొలుస్తుంది. దారం కనబడిన రోజునే వాటిని తీసి పొడుగాటి కుండీలోకి మార్చాలి. వెడల్పు కాదు, లోతు ముఖ్యం. లీటరు నీళ్ల సీసా మెడ కోసి, అడుగున బెజ్జాలు పెట్టి, చుట్టూ కాగితం చుట్టండి. వేరుకి వెలుతురు తగలకూడదు. మట్టిలో సగం కోకోపీట్, పావు ముతక ఇసుక, పావు మాగిన వర్మీకంపోస్టు. విత్తనం మట్టి పైకి కొంచెం కనబడేలా ఉంచండి. లోతుగా పాతిపెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆకు వచ్చాక విత్తనాన్ని ఊడదీయకండి. చూడ్డానికి ఎండిపోయినట్టుంటుంది, పిల్లలు పీకేస్తారు. లోపల ఆ పువ్వు ఇంకా పీలుస్తూనే ఉంటుంది. తల్లిపాలు తాగుతున్న బిడ్డ అది. అందుకే మొదటి రెండు మూడు నెలలు వేరే ఎరువు కూడా అక్కర్లేదు. విత్తనం తనంత తాను రాలిన రోజున చాలా పలచగా మొదలుపెట్టండి.

మొదటి ఆకు చూసి, ఇది పామ్ కాదు గడ్డి అని పీకేసిన వాళ్లని నేనెరుగుదును. ఈత జాతి మొదటి ఆకు గడ్డిపరకలాగే ఉంటుంది. అరెకాది చేపతోకలా రెండుగా చీలి ఉంటుంది. ఈకల్లాంటి అసలు ఆకు రావడానికి ఏడాది పైనే. అన్నట్టు, నర్సరీలో గుబురుగా కనిపించే పార్లర్ పామ్ కుండీ ఒక మొక్క కాదు, పది పదిహేను మొలకలు కలిపి నాటింది. మీరూ అలాగే ఏడెనిమిది కలిపి నాటండి, నిండుగా ఉంటుంది.

నీళ్ల గురించి. పటమట, భవానీపురం, ఎక్కడైనా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లే ఎక్కువ. ఉప్పు పేరుకుంటే ఆకు కొసలు మాడతాయి. పామ్‌లకి ఫ్లోరైడ్ కూడా పడదు, సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో అది ఉంటుంది, వేయకండి. కృష్ణా కుళాయి నీళ్లు, వాననీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు మంచివి. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, ఉన్న ఉప్పంతా అందులోనే ఉంటుంది. పోసేటప్పుడు మట్టికి పోయండి, మొవ్వులో నిలవకుండా. కొబ్బరి రైతుకి మొవ్వుకుళ్లు అంటే ఎంత భయమో తెలుసు కదా, కుండీలో మొక్కకీ అదే ప్రాణాంతకం.

ఇంకొక్క మాట చెప్పి ప్రశ్నలకి వస్తాను. పామ్‌లు గాలిని శుభ్రం చేస్తాయని బోర్డులు పెట్టి అమ్ముతున్నారు. 1989లో నాసా చేసిన ప్రయోగం అందుకు ఆధారం. అది మూసిన చిన్న పెట్టెల్లో జరిగింది. 2019లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క వేసినవాళ్లు, కిటికీ తెరిస్తే మారేంత గాలిని మొక్కలు శుభ్రం చేయాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. కిటికీ తెరవండి. మొక్కని మొక్క కోసం పెంచండి.

(సభలో ప్రశ్నలు)

ఆకు కింద సాలెగూడులా సన్నగా బూజు, తెల్ల చుక్కలు అంటున్నారు, అవునా అమ్మా? ఏసీ గదిలో ఉందా? అయితే ఎర్రనల్లి. పొడిగాలి దానికి ఇష్టం. వారానికోసారి బాత్‌రూమ్‌లో పెట్టి ఆకుల అడుగు తడిసేలా షవర్ కింద కడగండి. నాలుగు వారాల్లో తగ్గకపోతే అప్పుడు వేపనూనె.

బాబు ఏదో అడుగుతున్నాడు. ఖర్జూరం గింజ మొలుస్తుందా? మొలుస్తుంది నాన్నా. తిని కడిగి పెట్టు. అది ఎడారి విత్తనం, ఎండినా బతుకుతుంది. ఇజ్రాయెల్‌లో మసాడా అనే పాత కోటలో దొరికిన రెండు వేల ఏళ్ల నాటి ఖర్జూర గింజని 2005లో నాటితే మొలిచింది. పొడుగు సీసాలో పెట్టు, గుర్తుందిగా ఎందుకో? తేగలాగా కిందికి దిగుతుంది, అవును.

సాగో పామ్ గురించి అడిగారు అన్నయ్యగారు. అది సైకస్, పామ్ కుటుంబమే కాదు. దాని గింజలు విషం. మీ ఇంట్లో కుక్కపిల్ల ఉందన్నారు కాబట్టి వద్దు. అరెకా, పార్లర్ పామ్ పెట్టుకోండి, వాటితో భయం లేదు.

ఇదిగో, ఈ గిన్నెలో ఉన్నవి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి అరెకా విత్తనాలు, మొన్న ఆదివారం కోసి కడిగినవి. మనిషికి పది. కవర్లు ఆ బల్ల మీద, మార్కర్లు పక్కనే ఉన్నాయి. ఒక విత్తనం ఇక్కడే కోసి చూసుకోండి, బ్లేడు నా దగ్గర ఉంది. మిగిలిన తొమ్మిదీ కవరులో వేసి, ఇవాళ్టి తేదీ రాసి తీసుకెళ్లండి.